ప్రోగ్రామింగ్ పదాల పునశ్చరణకు జతల ఆట: కార్డుల తయారీ నుంచి మరుసటి వారం పరీక్ష దాకా

తెలుగు మాధ్యమంలో చదువుకున్న వాళ్లందరికీ ప్రశ్నపత్రంలోని ‘జతపరచుము’ గుర్తుండే ఉంటుంది. ఎడమవైపు ఐదు పదాలు, కుడివైపు అ, ఆ, ఇ, ఈ, ఉ అంటూ ఐదు అర్థాలు. తెలిసిన మూడింటిని ముందు కలిపేసి, మిగిలిన రెండింటిని ఊహతో కలిపేవాళ్లం. ఆ రెండూ సరిపోతే ఐదు మార్కులూ వచ్చేవి. ఆ మార్కుల్లో మనకు తెలిసినది ఎంతో, కలిసి వచ్చినది ఎంతో దిద్దే ఉపాధ్యాయుడికి తెలిసే వీలు లేదు. డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు పైథాన్ బోధించే నాకు ఈ విషయం చాలాకాలం బాధ కలిగించింది. పారామీటర్ (ఫంక్షన్ అనే కోడ్ ముక్కకు రాబోయే విలువ కోసం పెట్టే పేరు) అంటే ఏమిటో పరీక్షలో చక్కగా రాసినవాళ్లే ప్రయోగశాలలో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు పారామీటర్ రాయవలసిన చోట విలువ రాసేవారు. పదం వాళ్ల నోటికి వచ్చింది కానీ చేతికి రాలేదు.

పదాన్నీ, దాని అర్థాన్నీ, దానికి తగిన కోడ్ పంక్తినీ వేర్వేరు కార్డుల మీద రాసి కలిపించే జతల ఆటను నేను తరగతిలోకి తెచ్చింది ఈ దూరాన్ని తగ్గించడానికే. కింద చెప్పే పద్ధతి 50 నిమిషాల పీరియడుకూ, 48 మంది ఉన్న తరగతికీ సరిపోయేలా ఉంటుంది. పాలిటెక్నిక్‌లో సీ భాష చెప్పేవారైనా, పాఠశాలలో పదకొండో తరగతికి పైథాన్ చెప్పేవారైనా ఉదాహరణలు మార్చుకుని ఇదే పద్ధతిని వాడుకోవచ్చు. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. ఇది పునశ్చరణ కోసం రూపొందిన ఆట, కొత్త పాఠం చెప్పడానికి పనికిరాదు. పిల్లలు ఒక్కసారైనా రాసి, నడిపి చూడని పదాన్ని ఇందులో పెడితే వాళ్లకు మిగిలేది ఊహ ఒక్కటే.

మొదటి మెట్టు: పదాలను ఎంచుకోవడం

ఆట ఫలితమంతా ఈ మెట్టు మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. పాఠ్యపుస్తకం వెనక ఉన్న పదకోశం నుంచి వరుసగా పన్నెండు పదాలు తీసుకుంటే ఆట చప్పగా ఉంటుంది. లూప్, స్ట్రింగ్, అల్గారిథమ్ వంటి పదాల మధ్య పోలిక లేదు కనుక వాటి అర్థాలను పిల్లలు ఆలోచించకుండానే కలిపేస్తారు. తికమక పెట్టే పదాలను జంటలుగా తీసుకోవాలి. నా కార్డుల కట్టలో ఆరు జంటలు ఉంటాయి: అసైన్‌మెంట్–ఈక్వాలిటీ, పారామీటర్–ఆర్గ్యుమెంట్, ప్రింట్–రిటర్న్, ఇండెక్స్–ఎలిమెంట్, ఫర్ లూప్–వైల్ లూప్, సింటాక్స్ ఎర్రర్–లాజిక్ ఎర్రర్. మీ తరగతికి ఏ జంటలు అవసరమో తెలుసుకోవడానికి వేరే సర్వే అక్కరలేదు. పోయిన నెల ప్రయోగశాల రికార్డులు తిరగేసి, ఎక్కడెక్కడ ఎర్ర సిరా ఎక్కువగా పడిందో చూస్తే సరిపోతుంది.

అసైన్‌మెంట్, ఈక్వాలిటీ జంట గురించి ఇక్కడే కొంచెం వివరంగా చెప్పాలి. బీజగణితంలో చరరాశి గురించి పదో తరగతి దాకా చదివి వచ్చిన విద్యార్థికి ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అన్న పంక్తి అసంబద్ధంగా కనిపిస్తుంది; గణితంలో అయితే అది నిజంగా సాధన లేని సమీకరణమే. 1557లో రాబర్ట్ రికార్డ్ ఈ సమాన గుర్తును తన గణిత గ్రంథంలో మొదటిసారి అచ్చువేయించినప్పుడు, రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి మరేవీ ఉండవు గనుకనే దాన్ని ఎంచుకున్నానని చెప్పాడు. పైథాన్‌లోనూ సీలోనూ అదే గుర్తు ‘కుడివైపు విలువను లెక్కకట్టి ఎడమవైపు పేరుకు ఇవ్వు’ అనే ఆజ్ఞగా మారింది. సమానమా కాదా అని అడగడానికి రెండు గుర్తులు పక్కపక్కన పెట్టవలసి వచ్చింది. కనుక ఇక్కడ పిల్లవాడు తడబడితే అది అజాగ్రత్త కాదు, గణితాన్ని నిజాయితీగా నేర్చుకున్నందుకే తడబడుతున్నాడు. మరోవైపు, సమితి అన్న గణిత పదం పైథాన్‌లోని సెట్‌కు చక్కగా అతుకుతుంది; రెండింటిలోనూ మూలకం పునరావృతం కాదు, క్రమానికి ప్రాధాన్యం లేదు. గణితంలో నేర్చిన తెలుగు పదం ఎక్కడ తోడు వస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో ఉపాధ్యాయుడు ముందుగా గుర్తుపెట్టుకుంటే ఆట సమయంలో ఏ బల్ల దగ్గర ఆగాలో తెలుస్తుంది.

రెండో మెట్టు: అర్థాలు రాయడం

అర్థాన్ని పుస్తకంలోని వాక్యంతో రాయకండి. పుస్తక వాక్యాన్ని పిల్లలు కంటితో గుర్తుపడతారు, మనసు పెట్టవలసిన పని ఉండదు. తరగతిలో మీరు నోటితో చెప్పే మాటల్లోనే, ఒకటి రెండు వాక్యాలకు మించకుండా రాయండి. ఉదాహరణకు పారామీటర్‌కు ‘ఫంక్షన్‌ను నిర్వచించేటప్పుడు, రాబోయే విలువ కోసం కుండలీకరణాల్లో పెట్టి ఉంచే పేరు’ అనీ, ఆర్గ్యుమెంట్‌కు ‘ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు కుండలీకరణాల్లో అందించే అసలు విలువ’ అనీ రాయవచ్చు. ఈ రెండు వాక్యాలూ ఒకే అచ్చులో ఉన్నాయి. తేడా అంతా నిర్వచించడానికీ పిలవడానికీ మధ్య, పేరుకూ విలువకూ మధ్య ఉంది. జంటలోని రెండు అర్థాలనూ ఇలా ఒకే పొడవులో, ఒకే తీరులో రాస్తే తేడా ఎక్కడుందో అక్కడికే విద్యార్థి చూపు పోతుంది.

అర్థంలో ఆ పదంగానీ దాని తోబుట్టువుగానీ దొర్లకూడదు. ‘ఇండెక్స్ ఎర్రర్ రాకుండా చూసుకోవలసిన సంఖ్య’ అని రాస్తే ఇండెక్స్‌ను మనమే చేతిలో పెట్టినట్టు. ‘జాబితాలో ఒక అంశం ఏ స్థానంలో ఉందో చెప్పే సంఖ్య; లెక్క సున్నాతో మొదలవుతుంది’ అంటే చాలు.

మూడో మెట్టు: కోడ్ కార్డులు

పదం, అర్థం అనే రెండు కార్డులతో ఆగిపోతే అది కార్డుల మీద రాసిన ‘జతపరచుము’ మాత్రమే అవుతుంది. మూడో కార్డు తప్పనిసరి. ఒక్కో పదానికి ఒక కోడ్ పంక్తి రాసి, ఆ పదం పంక్తిలో ఏ భాగాన్ని సూచిస్తుందో ఆ భాగం కింద గీత గీయాలి. గీత లేకపోతే ఒకే పంక్తి నాలుగు పదాలకు సరిపోయి వాదన తెగదు. ‘డెఫ్ వైశాల్యం(పొడవు, వెడల్పు):’ అన్న పంక్తిలో ‘పొడవు’ కింద గీత ఉంటే అది పారామీటర్. ‘వైశాల్యం(4, 3)’లో 4 కింద గీత ఉంటే ఆర్గ్యుమెంట్. ‘పేర్లు = ["అనిత", "బషీర్", "కోటయ్య"]’ అన్న పంక్తిలో బషీర్ కింద గీత ఉంటే అది ఎలిమెంట్; ‘పేర్లు[1]’లో 1 కింద గీత ఉంటే ఇండెక్స్. ఈ చివరి రెండు కార్డులూ పక్కపక్కకు చేరినప్పుడు, ఒకటో స్థానంలో అనిత కాక బషీర్ ఎందుకున్నాడన్న ప్రశ్న పిల్లల నుంచే పుడుతుంది.

డెఫ్, ఇఫ్, రిటర్న్ వంటి కీలక పదాలను నేను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను కానీ, కార్డుల మీద మాత్రం వాటిని కంప్యూటర్ తెర మీద కనిపించే ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. చరరాశులకూ ఫంక్షన్లకూ తెలుగు పేర్లు పెట్టడానికి సందేహించనక్కరలేదు. పైథాన్ 3లో ‘మార్కులు = 35’ అని తెలుగులోనే రాస్తే ప్రోగ్రామ్ నడుస్తుంది. ఏది భాష ఇచ్చిన పదం, ఏది మనం పెట్టుకున్న పేరు అన్న తేడా దీనితో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఈ ఒక్క సౌలభ్యం కోసమైనా మొదటి కట్టను తెలుగు పేర్లతో తయారుచేయమంటాను.

లాజిక్ ఎర్రర్‌కు ‘సగటు = ఎ + బి / 2’ మంచి పంక్తి. 40, 60 ఇచ్చి చూస్తే 50 రావలసిన చోట 70 వస్తుంది, కంప్యూటర్ మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పదు. సింటాక్స్ ఎర్రర్‌కు చివర కోలన్ లేని ‘ఇఫ్ మార్కులు > 34’ సరిపోతుంది.

నాలుగో మెట్టు: ఎక్కువ కార్డులు కలపడం

పన్నెండు పదాలకు పన్నెండు అర్థాలే ఇస్తే చివరి జత ఉచితంగా వస్తుంది. కళ్లు మూసుకుని కలిపినా సగటున ఒక జత సరైనదే అవుతుంది. పదాలు పన్నెండైనా ఇరవైనా ఈ సగటు మారదన్నది సంభావ్యతా గణితంలో తేలికగా నిరూపించగల సంగతి. అందువల్ల రెండు అర్థాలు, రెండు కోడ్ పంక్తులు అదనంగా కలపండి. నేను కలిపేవి ఇవి. ‘ప్రోగ్రామ్ నడుస్తుండగా మధ్యలో ఆపేసే దోషం’ అన్న అర్థానికి తోడుగా, పైన చెప్పిన మూడు పేర్ల జాబితా మీద ‘పేర్లు[3]’ అన్న పంక్తి ఉంటుంది. ‘నిజం, అబద్ధం అనే రెండే విలువలు గల రకం’ అన్న అర్థానికి తోడుగా ట్రూ కింద గీత గీసిన ‘ఉత్తీర్ణత = ట్రూ’ ఉంటుంది. వీటికి పదం కార్డులు ఉండవు. అర్థాన్నీ పంక్తినీ కలిపాక రన్‌టైమ్ ఎర్రర్ అనీ, బూలియన్ అనీ పిల్లలే తెల్ల చీటీ మీద రాసి పెట్టాలి. గుర్తుపట్టడం కంటే గుర్తు తెచ్చుకుని రాయడం కష్టం కాబట్టి, ఆట మొత్తంలో మీకు ఎక్కువ సమాచారం ఇచ్చేది ఈ రెండు చీటీలే.

ఐదో మెట్టు: కత్తిరింపు, సర్దుబాటు

ఒక కట్టలో 12 పదాలు, 14 అర్థాలు, 14 కోడ్ పంక్తులు, వెరసి 40 కార్డులు. ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది ముక్కలు వస్తాయి, కనుక కట్టకు ఐదు కాగితాలు చాలు. నలుగురేసి చొప్పున 12 జట్లకు 60 కాగితాలు. పలుచని కాగితం రెండు పీరియడ్లకే నలిగిపోతుంది. ఇళ్లలో పేరుకుపోయే పాత శుభలేఖల ఖాళీ వైపు ఇందుకు బాగా పనికొస్తుంది, పిల్లలను అడిగితే సంచుల నిండా తెస్తారు. అప్పుడు ముక్కలన్నీ ఒకే కొలతకు వచ్చేలా కత్తిరించుకోవాలి.

మొదటిసారి నేను పదాన్నీ దాని అర్థాన్నీ ఒకే అట్ట మీద పక్కపక్కన రాసి, ఆ తరువాత మధ్యకు కత్తిరించాను. కత్తెర కాస్త వంకరగా పోయింది. వెనక బెంచీ జట్టు నాలుగు నిమిషాల్లో ఆట ముగించి చేతులెత్తింది. దగ్గరికి వెళ్లి చూస్తే, వాళ్లు పదాలు చదవడం లేదు, అంచుకు అంచు ఆనించి వంపు కలుస్తోందా లేదా అని చూస్తున్నారు. అప్పటి నుంచి పదాలను కొన్ని కాగితాల మీద, అర్థాలను వేరే కాగితాల మీద రాసి విడివిడిగా కత్తిరిస్తున్నాను. వెనకవైపు వేసే సంఖ్య కట్టకు మాత్రమే వేయండి, జతకు వేయకండి. ఏడో కట్టలోని నలభై కార్డుల మీదా 7 ఉంటే, కింద పడిన కార్డు ఏ కవరుదో వెంటనే తెలుస్తుంది. మూడు రకాల కార్డులకు మూడు రంగుల అంచులు పెడితే పంచడం తేలిక.

ఆరో మెట్టు: తరగతిలో నడపడం

మొదటి ఐదు నిమిషాల్లో జట్లు కట్టించి, పదం కార్డులూ అర్థం కార్డులూ మాత్రమే ఇవ్వండి. కోడ్ కార్డులు మీ దగ్గరే ఉండాలి. నియమం ఒక్కటే: కారణం పైకి చెప్పకుండా ఎవరూ కార్డు పెట్టకూడదు, పక్కవాళ్లలో కనీసం ఒకరు ఒప్పుకోవాలి. పోటీ గడియారం పెట్టకండి. వేగానికి బహుమతి ఇస్తే జట్టులో బాగా తెలిసిన ఒక్కరే కార్డులన్నీ లాక్కుని సర్దేస్తారు, మిగిలిన ముగ్గురు చూస్తూ ఉంటారు. కార్డులను నలుగురికీ సమానంగా పంచి, ఎవరి చేతిలోని కార్డు వాళ్లే పెట్టాలని చెబితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

పది నిమిషాలకు ఒక జట్టు ‘అయిపోయింది మేడమ్’ అంటుంది. అప్పుడు ఏది తప్పో చెప్పకండి, ఎన్ని సరైనవో మాత్రమే చెప్పండి. ‘పన్నెండులో పది’ అంటే చాలు. జంటలో రెండూ తారుమారైతే ఎప్పుడూ రెండు తగ్గుతాయి కాబట్టి, పది అని విన్న పిల్లలు ఆరు జంటల్లో ఏది తిరగబడిందో వెతకడం మొదలుపెడతారు. పదకొండు అని విన్నవాళ్లు, అదనంగా ఉన్న అర్థాల్లో ఒకటి ఎక్కడో దూరిందని కొంతసేపటికి కనిపెడతారు. ఈ వెతుకులాటలో ప్రతి జంటనూ వాళ్లు మళ్లీ చదువుతారు.

తరువాత కోడ్ కార్డులు పంచండి. గోల పెరుగుతుంది, పెరగనివ్వండి. మీరు బల్లల మధ్య తిరుగుతూ వినండి, చేతిలో చిన్న కాగితం పెట్టుకుని విన్న తప్పు వాదనలను రాసుకోండి. పేర్లు[3] కార్డును దాదాపు ప్రతి తరగతిలోనూ కొన్ని జట్లు సింటాక్స్ ఎర్రర్ పక్కన పెడతాయి. ‘రాసిన తీరులో తప్పేముందో వేలు పెట్టి చూపించండి’ అని అడిగితే చూపించలేరు. అక్కడి నుంచి దారి వాళ్లే కనుక్కుంటారు.

ఒకసారి ప్రింట్, రిటర్న్ కార్డుల దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపింది.

‘మేడమ్, ప్రింట్ అంటే విలువ బయటికి వచ్చినట్టే కదా. మళ్లీ రిటర్న్ ఎందుకు?’

‘సరే తల్లీ, నీ మార్కులు నేను తరగతిలో పైకి చదివాను. ఆ మార్కుల చీటీ నీ చేతికి వచ్చిందా?’

‘రాలేదు.’

‘ఆఫీసులో చూపించమంటే ఏం చూపిస్తావు?’

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, రెండు కార్డులనూ తనే అటూ ఇటూ మార్చింది. పోలిక అక్కడికే పనికొస్తుంది, రుజువు మాత్రం కంప్యూటర్ మీదే చూపాలి. వైశాల్యం అన్న ఫంక్షన్ లోపల రిటర్న్ బదులు ప్రింట్ రాసి, ‘వైశాల్యం(4, 3) + వైశాల్యం(2, 5)’ అని నడిపించాను. తెర మీద 12, దాని కింద 10 కనిపించాయి. ఆ వెంటనే టైప్ ఎర్రర్ (విలువల రకం ఆ పనికి సరిపోదన్న దోషం) వచ్చింది. రెండు విలువలూ కంటికి కనిపించాయి గానీ కూడడానికి మాత్రం రెండు చోట్లా నన్ (విలువ ఏదీ లేదని పైథాన్ చెప్పే మాట) తప్ప ఏమీ మిగలలేదు. ప్రింట్ తీసేసి రిటర్న్ పెట్టి, బయటి నుంచి మొత్తాన్ని ప్రింట్ చేయిస్తే 22 వచ్చింది. తరగతి మొత్తం ఆ తెర వైపే చూసింది.

అందుకే పీరియడులో కనీసం పది నిమిషాలు కోడ్ పంక్తులను నడిపి చూడడానికి ఉంచుకోండి. ప్రయోగశాల దొరకకపోతే ఒక్క కంప్యూటరూ ప్రొజెక్టరూ చాలు. అవీ లేకపోతే ఫోన్ బ్రౌజరులో పైథాన్ నడిపించే సైట్లు ఉన్నాయి. సరైన జవాబును ఉపాధ్యాయుడి నోటి నుంచి కాక యంత్రం నుంచి వినడం అలవాటైతే, పరీక్ష హాలు బయట కూడా వాళ్లు అలాగే సందేహం తీర్చుకుంటారు.

చోటు ఇరుకై బెంచీలు కదపలేని గదిలో, పదాలను పెద్ద అక్షరాలతో గోడకు అంటించి, అర్థాలను పిల్లల చేతికిచ్చి లేపి నిలబెట్టవచ్చు. ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఆడే జతల ఆటలు ఉన్నాయి, ఇంటి దగ్గర సాధనకు అవి మంచివే. కానీ వాటిలో వాదన ఉండదు గనుక తరగతిలో నేను కార్డులనే వాడతాను.

ఏడో మెట్టు: ఆట తరువాత

చివరి ఐదు నిమిషాల్లో బోర్డు మీద ఆరు జంటలూ రాసి, ఏ జంట దగ్గర ఎన్ని జట్లు తడబడ్డాయో చేతులెత్తించి లెక్కించండి. మార్కులు వేయడం లేదని ముందే చెబితే నిజం చెబుతారు. ప్రతి విద్యార్థీ తను తడబడ్డ ఒక్క జంటకు మాత్రం నోటుపుస్తకంలో రెండు వాక్యాలూ, సొంత కోడ్ పంక్తులు రెండూ రాసుకుని రావాలి. పుస్తకంలోని పంక్తి తెస్తే తిప్పి పంపండి.

వారం గడిచాక అవే పదాలతో, కొత్త కోడ్ పంక్తులతో ఆట మళ్లీ పెట్టండి. పాత పంక్తులే ఇస్తే ‘వైశాల్యం కనిపిస్తే పారామీటర్’ అని కార్డును గుర్తుపెట్టుకున్నవాళ్లూ నెగ్గుతారు. ఈసారి మొదట కోడ్ కార్డులే బల్ల మీద పరచి, గీత గీసిన భాగాన్ని ఏమంటారో చీటీల మీద విడివిడిగా రాయించి, ఆ తరువాతే పదం కార్డులు తీయండి. మొదటి వారం బోర్డు లెక్కతో ఈ చీటీలను పోలిస్తే ఏ జంటను ప్రయోగశాలలో మళ్లీ చెప్పాలో మీకు తేలిపోతుంది.

మూడోసారికి కార్డులు రాసే పని పిల్లలకే అప్పగించండి. ఒక్కో జట్టు ఒక జంటను తీసుకుని, అర్థాలు రెండు, గీతలతో కోడ్ పంక్తులు రెండు, ఎవరినైనా పడగొట్టగల అదనపు పంక్తి ఒకటి తయారుచేయాలి. అదనపు పంక్తి రాయాలంటే పక్క జట్టు ఎక్కడ పొరబడుతుందో ఊహించాలి, అందుకు ఆ పదం హద్దులు బాగా తెలిసి ఉండాలి. వాళ్లు రాసిన ప్రతి పంక్తినీ కంప్యూటర్ మీద నడిపి, అనుకున్న ఫలితమే వచ్చిందని చూసుకున్నాకే కట్టలో చేర్చండి. పీరియడు ముగిసే ముందు ప్రతి జట్టుచేత నలభై కార్డులూ లెక్కపెట్టించి, రబ్బరు బ్యాండు వేసి, సంఖ్య ఉన్న కవరులో పెట్టించండి.